చాలకాలము నిలిచియున్న ఇంజను కదలనప్పుడు చేయవలసిన పరీక్షలు

కాలువలో నీరు పారుచున్నంతకాలము పాకలోనున్న ఇంజను రైతునకు జ్ఞప్తికి రాదు. మన డెల్టాలో ఇది సహజమే. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ పూనికతో కట్టబడిన ఆనకట్ట 1852వ సంవత్సరమున పూర్తియైనది మొదలు గోదావరి నీరు లాకులు దాటి, పంటబోదెల వెంట పల్లమునకు పారి, తనంతట తానే చేలలోనికి వచ్చుచున్నది. 1982లో పూర్తియైన బ్యారేజి ఆ పాత ఆనకట్ట పనిని పుచ్చుకొన్నను పద్ధతి మారలేదు. మెట్ట రైతునకు నీరుతోడు యంత్రము దినదినము కావలసిన వస్తువు. డెల్టా రైతునకు అది ఆపదవేళ మాత్రమే కావలసిన వస్తువు. దాళ్వాలో కాలువకు వంతులు ఏర్పడి, శివారు చేలకు నీరు అందనప్పుడు మురుగుకాలువ నుండియో చెరువునుండియో నీరు తోడుటకు మనము ఇంజనును వెదకుదుము. అంతవరకు అది ఏడెనిమిది నెలలు తాటాకు పాకలో, వానగాలిలో, ఎలుకల నడుమ నిలిచియుండును. ట్రాక్టరు సంగతియు కొంతవరకు ఇట్టిదే. దమ్ములు ముగిసినది మొదలు కుప్పనూర్పుల వరకు అనేక గ్రామములలో అది చెట్టుక్రింద నిలిచియుండును.

మేము కన్నులార చూచిన సంగతి నొకదానిని చెప్పుదుము. ఒక దాళ్వాలో కాలువ శివారున నాలుగెకరముల వరి పొట్టమీద నున్నది. వంతు తప్పినది. రైతు ఇంజనును ఎడ్లబండిమీద మురుగుకాలువ గట్టునకు చేర్చెను. ఉదయము మొదలు అయిదుగురు మనుష్యులు వంతులవారీగా హ్యాండిలు త్రిప్పిరి. ఇంజను ఒక్కమారైనను పలుకలేదు. మండుచున్న గుడ్డను గాలిగొట్టమునకు చూపిరి; దానివలన వడపోత కాలినదే కాని ఫలము లేదు. పట్టణమునుండి మెకానిక్కు మూడవ దినమున వచ్చెను. అతడు డీజిలు వడపోత గిన్నె అడుగునగల మరను వదలుచేయగా గ్లాసెడు నీరు వెలువడెను. పొగగొట్టములో కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడు ఉండెను. ఈ రెంటిని తొలగించి, గొట్టములలోని గాలిని వెళ్లగొట్టిన పిమ్మట ఇంజను రెండవ త్రిప్పునకే కదలెను. పని అంతయు అరగంటలో ముగిసినది. కాని ఆ మూడుదినములలో చేను నెరియలు విచ్చినది. వెన్ను తీయుకాలమున నీటియెద్దడి తగిలిన వరి, తరువాత ఎంత నీరు పెట్టినను, తాలుగింజలను పూర్తిగా మాన్పుకొనలేదు. కోతలనాడు ఆ రైతు గంపలోని తాలును మాకు చూపి ఏమియు అనలేదు. అంతకుముందు వేసవిలో సగము డీజిలుతో ఆ ఇంజనును పాకలో పెట్టుచున్నప్పుడు మేమక్కడనే యుంటిమి. చూచియు ఒక్కమాట చెప్పనైతిమి. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

ఇంజను ఏమి కోరును?

డీజిలు ఇంజను పని తెలిసికొన్నవానికి పరీక్ష సులభమగును. జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ డీజిల్ 1890 దశకమున ఈ యంత్రమును కనుగొనెను. 1897లో అది చక్కగా నడచినది. ఇందులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పదునారవ వంతునకో, ఇరువదవ వంతునకో కుదించును. సైకిలు ట్యూబునకు గాలికొట్టునప్పుడు పంపు వెచ్చబడుట అందరును ఎరిగినదే. అట్లే ఇచ్చట కుదింపబడిన గాలి అయిదువందల సెంటిగ్రేడు డిగ్రీలకు పైబడిన వేడి పొందును. ఆ వేడిగాలిలోనికి ఇంజెక్టరు డీజిలును మంచుతుంపరవలె చిమ్మగనే అది తనంతట తానే అంటుకొనును.

కావున ఇంజను కోరునవి నాలుగే. మొదటిది, దానిని తగినంత వేగముగా త్రిప్పు బలము; అది ట్రాక్టరులో బ్యాటరీది, చిన్న ఇంజనులో మనుష్యుని భుజముది. రెండవది, నీరును గాలియు కలియని డీజిలు. మూడవది, లోనికి గాలియు వెలుపలికి పొగయు పోవుటకు తెరచియున్న దారి. నాలుగవది, గాలిని కారిపోనీయక కుదించుట. నిలిచియున్న ఇంజను మొరాయించెననిన ఈ నాలుగింటిలో ఒకటియో రెండో లోపించెనన్నమాట. సులభమైనదానిని ముందు, కష్టమైనదానిని వెనుక, ఒక్కొక్కదానిని వరుసగా చూడవలెను. ఒకేసారి నాలుగు మరలు విప్పినవానికి ఏది దోషమో ఎన్నటికిని తెలియదు.

పానా పట్టకమునుపు

ఇంజను చుట్టును ఒకమారు తిరిగి కన్నులతో చూడుడు. ట్యాంకులో డీజిలున్నదా? ట్యాంకు క్రిందనున్న కుళాయి తెరచియున్నదా? ఇంజనును ఆపుటకు లాగిన ఆపుపుల్లను తిరిగి లోనికి త్రోసితిరా? ఇది నవ్వులాటగా తోచవచ్చును. కాని పుల్ల లాగియున్నంతవరకు డీజిలు చుక్కయైనను సిలిండరునకు చేరదు. దీనిని మరచి బ్యాటరీని అంతయు ఖర్చుచేసికొన్నవారు పలువురు కలరు. అనేక ట్రాక్టర్లలో క్లచ్చి నొక్కనిదే, గేరు న్యూట్రలులో లేనిదే స్టార్టరు పలుకని ఏర్పాటు కలదు. దీనినికూడ చూడవలెను.

పిమ్మట ఇంజను ఆయిల్ కడ్డీని తీసి చూడుడు. ఆయిల్ మజ్జిగవలె తెల్లబడియున్నచో అందులో నీరు చేరినదని గుర్తు. అట్టి ఇంజనును త్రిప్పనేరాదు. ఆయిల్ మార్చి, నీరు ఎచ్చటనుండి వచ్చినదో మెకానిక్కుచేత చూపించిన పిదపనే నడుపవలెను. కడపట తీగెలను చూడుడు. ఎలుక కొరికిన తీగె బయటపడిన రాగిపోగులవలన గాని, క్రిందబడిన రబ్బరు పొట్టువలన గాని తెలియును.

బ్యాటరీ పరీక్ష

మొదటి మోటారు కార్లను హ్యాండిలుతోనే కదల్చెడివారు. 1912లో అమెరికా దేశమున చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు క్యాడిలాక్ కార్లకు అమర్చబడినది. నాటినుండి మనుష్యుని భుజబలమునకు బదులు బ్యాటరీ వచ్చినది. కాని బ్యాటరీ బండి నిలిచియున్నను నిలువదు. వాడకున్నను దాని బలము దినదినము లోపలనే తరుగుచుండును. వేడి హెచ్చినకొలది ఈ తరుగుదల త్వరపడును. మన వేసవిలో రెండు మూడు నెలలు తాకక వదలిన పాత బ్యాటరీ సగమునకు పైగా దిగిపోవుట వింతకాదు. దిగిపోయిన స్థితిలోనే చాలకాలమున్నచో సీసపు పలకలపై తెల్లని గట్టిపొర ఏర్పడును. ఆ పొర ముదిరిన పిమ్మట ఎంత చార్జి పెట్టినను అది నిలుపుకొనలేదు.

తాళము త్రిప్పునప్పుడు చెవియొగ్గి వినవలెను. టకటకమని శబ్దము చేసి ఊరకున్నచో, లేక మూలుగుచు మెల్లగా తిరిగినచో, బ్యాటరీ బలహీనము. లేదా దాని కొనలవద్ద పట్టు చెడినది. ఏ శబ్దమును లేనిచో తీగె ఊడియుండును, లేదా పైన చెప్పిన క్లచ్చి, న్యూట్రలు ఏర్పాట్లు సరిగా లేవు. చురుకుగా తిరిగియు అంటుకొననిచో బ్యాటరీని నిందింపవలదు. దోషము డీజిలులోనో గాలిలోనో కలదు.

బ్యాటరీ కొనలపై తెల్లగను ఆకుపచ్చగను పొడి పట్టుట తరచుగా చూతుము. ఈ పొడి విద్యుత్తును అడ్డగించును. ముందు నెగటివ్ తీగెను, తరువాత పాజిటివ్ తీగెను విప్పి, వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, కొనలను గరుకుకాగితముతో మెరయురుద్ది బిగింపవలెను. బిగించునప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ కడపట. బిగించిన పిదప పైన వేజలైన్ పూసినచో పొడి మరల త్వరగా పట్టదు. ఈ ఒక్కపనితోనే కదలిన ట్రాక్టర్లు అనేకములు.

బలమును కొలుచుట కష్టముకాదు. వోల్టుమీటరుతో చూచినప్పుడు నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2 చూపినచో సగమున్నట్లు; 12.0 అయినచో దాదాపు దిగిపోయినట్లు. మూతలుగల బ్యాటరీలో హైడ్రోమీటరుతో చూడవచ్చును. నిండుగానున్న ద్రవము 1.260 ప్రాంతమున నుండును, 1.200 క్రిందికి దిగినచో చార్జి పెట్టింపవలెను. ఆరు గదులలో ఒకటి మాత్రము మిగిలినవానికంటె చాల తక్కువ చూపినచో ఆ గది చెడినది. బ్యాటరీ మార్చుటకు సిద్ధపడవలెను. పలకలు మునుగునట్లు పోయవలసినది బట్టిపట్టిన నీరే కాని బావినీరు కాదు.

వేరొక బండి బ్యాటరీ సహాయము పొందునప్పుడు క్రమము తప్పరాదు. రెండును పన్నెండు వోల్టులవియే కావలెను. పాజిటివునకు పాజిటివును మొదట కలుపవలెను. తరువాత మంచి బ్యాటరీ నెగటివునకు రెండవ తీగె నొక కొనను కలిపి, దాని రెండవ కొనను దిగిపోయిన బండియొక్క ఇంజను ఇనుమునకు, బ్యాటరీకి దూరముగా, తగిలింపవలెను. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును; చిన్న రవ్వకే అది ప్రేలును. అందువలన కడపటి కొనను బ్యాటరీమీద తగిలింపరాదు. దగ్గర చుట్ట, బీడీ కాల్చరాదు. స్టార్టరును ఒక్కమారు పది సెకండ్లకు మించి త్రిప్పక, నడుమ ఒక నిముషము విశ్రాంతి నీయవలెను.

డీజిలు పరీక్ష

మన ప్రాంతమున చిన్న ఇంజనులకు ఈ దోషమే ముఖ్యము. ట్యాంకు సగము ఖాళీగానున్నచో ఆ ఖాళీలో గాలి యుండును. వానకాలపు గాలిలో తడి మెండు. రాత్రి చల్లబడినప్పుడు కూజాకు చెమట పట్టినట్లు ట్యాంకు గోడలకు లోపల చెమట పట్టి, చుక్కలై క్రిందికి జారును. నీరు డీజిలుకంటె బరువు గనుక అడుగున చేరును. ఇంజనునకు పోవు గొట్టమును అడుగుననే కలదు. నీరును డీజిలును కలియుచోట కంటికి కానరాని సూక్ష్మజీవులు పెరిగి, జిగటగా నల్లని నాచువంటి పదార్థము పుట్టి వడపోతను మూసివేయును.

పరీక్ష యిట్లు చేయవలెను. వడపోత గిన్నె అడుగున మర వదలుచేసి, గాజుగ్లాసులోనికి కొంత డీజిలు పట్టి, అయిదు నిముషములు కదపక పెట్టుడు. అడుగున వేరుపొర ఏర్పడినచో అది నీరు. శుభ్రమైన డీజిలు వచ్చువరకు వదలి, ట్యాంకు అడుగునుకూడ కడిగి, వడపోత కాగితమును మార్చవలెను. నల్లబడిన కాగితమును కడిగి మరల వాడుట దండుగ.

ఇట్లు విప్పినప్పుడును, ట్యాంకు పూర్తిగా ఎండినప్పుడును, ఎండిన వాషరుద్వారా కారినప్పుడును గొట్టములలోనికి గాలి చొచ్చును. ఫ్యూయలుపంపు డీజిలును నెట్టగలదు కాని గాలి బుడగను నెట్టలేదు. బుడగ స్పంజివలె నొక్కుకొని మరల ఉబ్బును. దానిని వెళ్లగొట్టు విధము ఇది. ట్యాంకు నింపి కుళాయి తెరువుడు. వడపోతపై నుండు చిన్నమరను వదలుచేసి, చేతిపంపు ఉన్నచో దానిని ఆడించుడు. మొదట నురుగు, తరువాత బుడగలు, పిమ్మట నిండుధార వచ్చును. ధార రాగానే మర బిగింపుడు. తరువాత ఫ్యూయలుపంపు మీది మరవద్ద ఇట్లే చేయుడు. కడపట ఇంజెక్టరునకు పోవు గొట్టము నట్టును అరచుట్టు వదలుచేసి ఇంజనును త్రిప్పుడు. డీజిలు చిమ్మగనే బిగింపుడు. ఇంజెక్టరు చిమ్ముచోట చేయి పెట్టరాదు. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోవును, దానివలన వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు కలరు.

ఇచ్చట నొక హెచ్చరిక. ఇటీవలి డీజిలు కార్లలోను, క్రొత్త ట్రాక్టర్లు కొన్నిటిలోను డీజిలు వేయి వాతావరణములకు మించిన ఒత్తిడితో ఒకే గొట్టమున నిలువయుండును. దానిని కంప్యూటరు నడుపును. అట్టివాని గొట్టములను రైతు విప్పనేరాదు. బ్యాటరీ, వడపోతలోని నీరు, గాలి వడపోత, ఈ మూటిని చూచి అంతట నిలిపి, మెకానిక్కును పిలువవలెను.

గాలి పరీక్ష

కుమ్మరిపురుగు మట్టితో గూడుకట్టుటకు సన్నని గొట్టమును వెదకును. ఎలుక పిల్లలు పెట్టుటకు చీకటి గూటిని వెదకును. పాకలోనున్న ఇంజను రెంటికిని అనుకూలమే. గాలి వడపోతను విప్పి లోపల గడ్డి, గుడ్డపేలికలు, ధాన్యపు పొట్టు ఉన్నవేమో చూడుడు. ఆయిల్ గిన్నెగల వడపోతలో పాత ఆయిల్ గట్టిపడి బురదయగును. దానిని పారబోసి, కిరసనాయిలుతో కడిగి, గీత వరకు క్రొత్త ఆయిల్ పోయవలెను. గీతకు మించి పోసినచో ఆ ఆయిల్ సిలిండరులోనికి పోవును. కాగితపు వడపోతయైనచో దులుపవలెను గాని కడుగరాదు. పొగగొట్టము కొనను మెత్తని తీగెతో పొడిచి చూడుడు. మట్టి వచ్చినచో పూర్తిగా వచ్చువరకు వదలవలదు.

బిగిసిన ఇంజను

చిన్న ఇంజనునకు ముందు బెల్టు తీసివేసి త్రిప్పిచూడుడు. బెల్టు తీయగనే సులభముగా తిరిగినచో బిగిసినది ఇంజను కాదు, పంపు. పంపు ఇరుసు త్రుప్పుపట్టుటయు, ఇరుసుచుట్టు చుట్టిన త్రాడు ఎండి గట్టిపడుటయు తరచుగా జరుగును.

బెల్టు తీసినను కదలనిచో బలముతో పోరాడవలదు. సిలిండరు గోడలకు సన్నని త్రుప్పు పట్టి రింగులు అంటుకొనియుండును. ఇంజెక్టరును తీయించి, ఆ రంధ్రముద్వారా రెండు చెంచాల ఇంజను ఆయిల్ పోసి, ఒకరాత్రి నాననిచ్చి, మరునాడు చక్రమును ముందునకు వెనుకకు కొంచెముకొంచెముగా కదల్పవలెను. అప్పటికిని రానిచో మెకానిక్కు పని. సమ్మెట పుచ్చుకొన్నచో అరవిరుగును.

దీనికి ఎదురైనది మరియొకటి. ఇంజను అతిసులభముగా, ఏ అడ్డును లేక, తిరుగుచుండును. కుదింపు లేదన్నమాట. వాల్వు త్రుప్పుపట్టి తెరచియుండిపోవుట ఇందుకు కారణము కావచ్చును. పైమూత తీసి, రెండు వాల్వులును పైకి క్రిందికి ఆడుచున్నవో లేవో చూచి, కాండమునకు డీజిలు కలిపిన ఆయిల్ చుక్కలు వేసి సుతారముగా కదల్పవలెను.

పొగ చెప్పు సంగతి

వైద్యుడు నాడి చూచినట్లు ఇంజను త్రిప్పునప్పుడు పొగను చూడవలెను. ఏ పొగయు రానిచో డీజిలు సిలిండరునకు చేరుట లేదు. ఆపుపుల్ల, కుళాయి, వడపోత, గాలిబుడగ, వీనిని వెదకుడు. తెల్లపొగ వచ్చియు అంటుకొననిచో డీజిలు చేరినది కాని వేడి చాలలేదు. త్రిప్పు వేగమైనను, కుదింపైనను తక్కువ, లేదా డీజిలులో నీరున్నది. అంటుకొని నల్లపొగతో దగ్గుచున్నచో గాలిదారి మూసికొన్నది. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొన్నవానికి సగము పరీక్ష ముగిసినట్లే.

చేయరాని పనులు

మండుచున్న గుడ్డను గాలిగొట్టమునకు చూపుటయు, పెట్రోలును అందులో చల్లుటయు కొందరికి అలవాటు. గడ్డివాము ప్రక్కన చేసిన ఈ పని ఎంతవరకు పోవునో చెప్పనక్కరలేదు. పెట్రోలు డీజిలుకంటె ముందుగా, దెబ్బకొట్టినట్లు ప్రేలి పిస్టనును పగులగొట్టవచ్చును.

హ్యాండిలు త్రిప్పువాడు బొటనవ్రేలిని మిగిలిన వ్రేళ్లవైపుననే ఉంచవలెను. పిడికిలి చుట్టి పట్టరాదు. ఇంజను వెనుకకు తన్నినప్పుడు చుట్టిపట్టిన చేతి మణికట్టు విరుగును. డీకంప్రెషను పుల్ల ఎత్తి, చక్రమునకు వేగము వచ్చిన పిదప దింపవలెను. త్రిప్పువాని పంచెకొంగు, తువాలు చక్రమునకు దూరముగానుండవలెను.

మూసిన పాకలో ఇంజనును నడుపరాదు. పొగలో వాసన తెలియని విషవాయువు కలదు. అది తలనొప్పితో మొదలై, లేచుటకు బలము లేకుండ చేసి, ప్రాణము తీయును.

వరదలో మునిగిన ఇంజను

1986 ఆగస్టు వరదను చూచిన పెద్దలకును, 2022 జూలై వరదను చూచిన పిన్నలకును ఇది వేరుగ చెప్పనక్కరలేదు. లంకలలోను, గట్లు తెగినచోట్లను ఇంజనులు, ట్రాక్టర్లు నీట మునిగినవి. మునిగిన ఇంజనును కదలునో కదలదో చూతమని త్రిప్పుటవంటి పొరపాటు మరియొకటి లేదు. గాలి నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. సిలిండరులో నీరున్నప్పుడు త్రిప్పినచో కనెక్టింగురాడు వంగును. ముందుగా బ్యాటరీ తీగెను విప్పుడు. ఇంజెక్టరును తీయించి, నీరు వెళ్లునట్లు చేతితో మెల్లగా త్రిప్పించుడు. ఇంజను ఆయిల్, డీజిలు, వడపోతలు అన్నియు మార్పించుడు. బురదనీరు తీసిన తరువాత ఆలసించినకొలది త్రుప్పు హెచ్చును. కావున ఈ పని వారము తరువాత కాదు, వరద తీసిన మరునాడే చేయింపవలెను.

పెట్రోలు యంత్రములు

మందుచల్లు యంత్రము, గడ్డికోత యంత్రము, మోటారుసైకిలు పెట్రోలుతో నడచునవి. మన దేశమున 2025 నాటికి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలుపు మట్టము చేరినది. ఎథనాలు గాలిలోని తడిని పీల్చును. నెలలతరబడి నిలిచిన పెట్రోలులో నీరు ఎథనాలుతో కలిసి అడుగునకు విడిపోవును. కార్బురేటరు సన్నరంధ్రములలో జిగురు కట్టును. కావున మందుచల్లు యంత్రమును కట్టిపెట్టునప్పుడు ట్యాంకును ఖాళీచేసి, తనంతట తాను ఆగువరకు నడిపి ఉంచవలెను. డీజిలు ట్యాంకును నింపి ఉంచవలెను, చిన్న పెట్రోలు ట్యాంకును ఖాళీగా ఉంచవలెను; ఈ భేదమును మరువరాదు.

నిలుపు దినముననే చేయవలసినవి

ఇంతవరకు చెప్పినదంతయు చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొను పని. ఇంజను మొరాయించునది దాళ్వాలోనైనను, దానికి రోగము తగులునది దానిని పాకలో పెట్టిన దినముననే. ఆ దినమున ఒక పూట వెచ్చించినచో పై పరీక్షలలో అధికభాగము అవసరముండదు.

ఇంజనును వేడెక్కువరకు నడిపి, వేడిమీద పాత ఆయిల్ తీసి క్రొత్తది పోయుడు. డీజిలు ట్యాంకును మూతవరకు నింపుడు. చెమట పట్టుటకు చోటుండదు. ఒంటి సిలిండరు ఇంజనును, చేతికి అడ్డు తగులు కుదింపుచోట నిలుపుడు. అప్పుడు రెండు వాల్వులును మూసికొని లోనికి తడిగాలి పోదు. పొగగొట్టముమీద డబ్బా బోర్లించి, గాలిదారిని గుడ్డతో కట్టి, ఆ సంగతి మరువకుండ హ్యాండిలునకు ఎర్రపేలిక కట్టుడు. బ్యాటరీ తీగెను విప్పి, బ్యాటరీని నీడలో ఉంచి, నెలకొకమారు చార్జి పెట్టింపుడు. ఇంజను క్రింద ఇటుకలు పేర్చి నేలతడి తగులకుండ చూడుడు. ధాన్యము, చిట్టు, తవుడు అదే పాకలో పెట్టవలదు. ఎలుకను మనమే పిలిచినట్లగును.

ట్రాక్టరును పక్షమునకొకమారు నడపుట మంచిది. కాని రెండు నిముషములు నడపి ఆపినచో మేలుకంటె కీడు హెచ్చు. బ్యాటరీనుండి తీసినది తిరిగి చేరదు, లోపల పుట్టిన తడి ఆరదు. అరగంట తక్కువగాకుండ, పూర్తిగా వేడెక్కువరకు, వీలైనచో రోడ్డుమీద నడపవలెను.

సంఘము చేయదగినది

హైడ్రోమీటరు, వోల్టుమీటరు, బ్యాటరీచార్జరు ప్రతిరైతును కొనవలసినవి కావు. ఏడాదికి రెండుమూడు మార్లు పనిబడు వస్తువులను పదిమంది కలిసి యుంచుకొనుటయే గదా సహకారము. సంఘపు గిడ్డంగిలో ఇవి ఒక్కొక్కటి యుంచి, గ్రామమునగల ఇంజనులకు సరిపడు వడపోతలు, వాషర్లు కొన్ని నిలువచేసినచో సభ్యుడు పట్టణమునకు పరుగెత్తు దినము మిగులును. కాలువలు కట్టివేయునప్పుడు ఒక ఆదివారము ఇంజనులను పాకలలో పెట్టు దినముగా, దాళ్వా నాట్లు ముగియునప్పుడు మరియొక ఆదివారము వానిని త్రిప్పిచూచు దినముగా సంఘము చాటించుట ఉచితము. పొట్టదశకు నెలముందే త్రిప్పిచూచినవానికి దోషమున్నను సరిచేసికొనుటకు వ్యవధి యుండును.

పై చెప్పిన నాలుగెకరముల రైతు మరుసటి వేసవిలో తన ఇంజను ట్యాంకును మూతవరకు నింపి, పొగగొట్టముపై పాలడబ్బా బోర్లించి, హ్యాండిలునకు ఎర్రపేలిక కట్టెను. తరువాత వచ్చిన దాళ్వాలో వంతు తప్పినదినమున అది మూడవ త్రిప్పునకు కదలినది. ఆ సాయంకాలము బోదెలో నీటి చప్పుడు వినుచు మేమును ఆ గట్టుమీద కొంతసేపు కూర్చుంటిమి. ఈ సంచిక చేతబట్టిన సభ్యులు దీనిని మడచి పెట్టకమునుపు పాకలోనికి పోయి, తమ ఇంజను ట్యాంకు మూతను ఒకమారు తెరచి చూతురుగాక.